అమెరికా కాంగ్రెస్‌లో ఇంటర్న్‌షిప్: ముందు అనుమతి, తరవాతే అప్లికేషన్

ప్రశ్న: మాది నల్గొండ. టెక్సస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ మేజర్‌గా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎఫ్-1 (విద్యార్థి) వీసా. వచ్చే వేసవిలో వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులో ఇంటర్న్‌గా చేయాలని ఉంది. ఎఫ్-1 వాళ్లను అసలు తీసుకోరని ఒక సీనియర్ అంటోంది. జీతం తీసుకోకపోతే ఏ పర్మిషనూ అక్కర్లేదని ఇంకో సీనియర్ అంటున్నాడు. భారత సంతతి సభ్యులందరి ఆఫీసులకూ మెయిల్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. జీతం రాని పనికి అంత ఖర్చు ఎందుకని నాన్న కోప్పడుతున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి? హైదరాబాద్‌లో లా చదువుతున్న మా పిన్ని కొడుకు కూడా ఇక్కడికి వచ్చి చేయొచ్చా అని అడుగుతున్నాడు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ సీనియర్లిద్దరూ చెరో సగమే చెప్పారు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు కాంగ్రెస్ ఆఫీసులు జీతం ఇవ్వలేవన్నది నిజం. తీసుకోవన్నది నిజం కాదు. ఇక జీతం లేకపోతే అనుమతితో పనిలేదన్న మాట వినడానికి సుఖంగానే ఉంటుంది గానీ, నాలుగైదేళ్ల తరవాత హెచ్-1బీ ఫైలు మీద ప్రశ్న వచ్చినప్పుడు ఆ సీనియర్ మీ పక్కన ఉండడు.

ముందు జీతం సంగతి తేల్చుకుందాం. కాంగ్రెస్ ఆఫీసు డబ్బులిచ్చి పెట్టుకునే మనిషి అమెరికా పౌరుడై ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ఉండి పౌరసత్వం కోరుకుంటున్నవాడై ఉండాలి, లేదా శరణార్థిగా వచ్చి పౌరసత్వం కోసం ప్రయత్నిస్తున్నవాడై ఉండాలి. ఇలాంటి కొన్ని వర్గాలు ఉన్నాయి, వాటిలో ఎఫ్-1 విద్యార్థి లేడు. సీపీటీ అనే పని అనుమతి (దాని గురించి కింద చెబుతాం) చేతిలో ఉన్నా ఈ నిబంధన మారదు. ఎందుకంటే ఇది ఇమిగ్రేషన్ నిబంధన కాదు, ప్రభుత్వ నిధుల ఖర్చుకు పెట్టిన షరతు. మరి జీతం లేకుండా పనిచేయించుకోవడం చట్టబద్ధమేనా అంటే, కాంగ్రెస్ విషయంలో అవును. 1995లో వచ్చిన కాంగ్రెషనల్ అకౌంటబిలిటీ చట్టం కనీస వేతన నిబంధనలను కాంగ్రెస్‌కు వర్తింపజేస్తూనే ఇంటర్న్‌లను వాటి నుంచి మినహాయించింది.

ఇక్కడ ఒక చిక్కుంది. 2019 ఆర్థిక సంవత్సరం నుంచి ప్రతినిధుల సభలో ఒక్కో సభ్యుడి ఆఫీసుకు ఇంటర్న్‌ల జీతాల కోసం విడిగా 20,000 డాలర్లు కేటాయించడం మొదలైంది, తరవాత ఆ మొత్తం పెరిగింది. మంచి మార్పే. పేదింటి అమెరికన్ పిల్లలకు దారి తెరుచుకుంది. కానీ జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ మాత్రమే ప్రకటించే ఆఫీసుల్లో మీకు చోటుండదు. అందుకని ప్రకటన చదివేటప్పుడు ముందు వెతకాల్సింది అకడమిక్ క్రెడిట్ కోసం చేసే వీలుందా లేదా అన్నది. అమెరికా పౌరులు మాత్రమే అని రాసి ఉంటే అక్కడ టైము పోగొట్టుకోకండి. ఇంటెలిజెన్స్, ఆర్మ్‌డ్ సర్వీసెస్ లాంటి కమిటీల జోలికీ వెళ్లొద్దు, అక్కడ గోప్య సమాచారంతో పని. ఏమీ రాయకపోతే ఫోన్ చేసి ఇంటర్న్‌ల వ్యవహారం చూసే స్టాఫ్ అసిస్టెంట్‌ను అడగండి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు అసలు విషయం, సీపీటీ. పూర్తి పేరు కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రెయినింగ్. మీ చదువులో భాగంగా బయట చేసే పనికి మీ యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అధికారి, అంటే డీఎస్‌ఓ, ఇచ్చే అనుమతి ఇది. ఇమిగ్రేషన్ శాఖకు విడిగా దరఖాస్తు ఉండదు, ఫీజూ ఉండదు. అనుమతి వచ్చాక మీ కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి అర్హత పత్రం) మీద ఏ ఆఫీసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, పార్ట్‌టైమా ఫుల్‌టైమా అన్నది ముద్రించి ఇస్తారు. మీరు ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివేశారు కాబట్టి అర్హత ఉంది. మొదటి ఏడాదిలో ఉన్న డిగ్రీ విద్యార్థులకు ఉండదు. పని మీ మేజర్‌కు సంబంధించినదై ఉండాలి. పొలిటికల్ సైన్స్‌కు చట్టసభ ఆఫీసు అంటే ఎవరూ వేలెత్తి చూపరు. కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తున్న మనవాళ్లు ఇదే ప్రశ్న అడుగుతుంటారు, వాళ్లకు ఈ ఒక్క షరతు దగ్గరే బండి ఆగిపోతుంది.

జీతం లేని పని ఉద్యోగం కిందికే రాదు కదా అని మీ రెండో సీనియర్ వాదించి ఉంటాడు. ఇమిగ్రేషన్ నిబంధనల్లో ఉద్యోగం అంటే జీతం గానీ, మరో రూపంలో ప్రతిఫలం గానీ తీసుకుని చేసే సేవ. ఆ మరో రూపం దగ్గరే తేడా వస్తుంది. బయటి సంస్థ స్టైపెండ్ ఇచ్చినా, ఆఫీసు ప్రయాణ ఖర్చు చెల్లించినా, అది ప్రతిఫలమా కాదా అనే చర్చలోకి మీరు వెళ్లిపోతారు. సీపీటీ తీసుకుంటే ఆ చర్చే ఉండదు. పైగా చాలా యూనివర్సిటీలు జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు కూడా సీపీటీ తీసుకోవాలనే చెబుతాయి. అనుమతి లేని ఉద్యోగంగా లెక్క తేలితే స్టేటస్ పోతుంది. సీపీటీని వెనక తేదీ వేసి ఇవ్వడం కుదరదు, కాబట్టి తరవాత సరిదిద్దుకునే దారి కూడా లేదు.

పార్ట్‌టైమ్ అంటే వారానికి 20 గంటలు లేదా అంతకు తక్కువ. అది దాటితే ఫుల్‌టైమ్. ఒకే డిగ్రీ స్థాయిలో ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయిలో ఓపీటీ, అంటే చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి, హక్కు పోతుంది. ఒక్క వేసవి ఫుల్‌టైమ్ చేస్తే మూడు నెలలే కాబట్టి భయం లేదు. ఎక్కువమంది ఇబ్బందిపడేది ఇంకోచోట. ఐ-20 మీద పార్ట్‌టైమ్ అని ఉంటుంది, ఆఫీసులో పని పెరిగి ఈ వారం 28 గంటలు రమ్మంటారు, మొహమాటానికి ఒప్పుకుంటారు. ఒప్పుకోకూడదు. అలాగే ఐ-20 మీది ప్రారంభ తేదీకి ఒక్కరోజు ముందు ఓరియెంటేషన్‌కు పిలిచినా వెళ్లకూడదు. ఇవి రెండూ సూపర్‌వైజర్‌కు మొదటిరోజే చెప్పేయండి.

సీపీటీ కోసం డీఎస్‌ఓ అడిగే కాగితం ఆఫర్ లెటర్. కాంగ్రెస్ ఆఫీసుల ఆఫర్ సాధారణంగా మూడు వాక్యాల ఈమెయిల్‌లో వస్తుంది, అది పనికిరాదు. లెటర్‌హెడ్ మీద ఆఫీసు పేరు, వీధి చిరునామా, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, వారానికి ఎన్ని గంటలు, చేసే పనులు నాలుగు వాక్యాల్లో, సూపర్‌వైజర్ పేరు, సంతకం, జీతం లేదన్న మాట ఉండాలి. ఇంటర్న్‌లను చూసుకునే వ్యక్తి కూడా చాలాసార్లు కాలేజీ నుంచి బయటికొచ్చి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లే. సీపీటీ అన్న మాట వాళ్లు విని ఉండకపోవచ్చు. ఆ ఉత్తరం ముసాయిదా మీరే రాసి పంపితే లెటర్‌హెడ్ మీద పెట్టి సంతకం చేసి ఇస్తారు. ఊరికే ఉత్తరం కావాలని అడిగి కూర్చుంటే వారాలు గడుస్తాయి.

సీపీటీకి ఒక ఖర్చుంది, చాలామంది లెక్కలో వేసుకోరు. ఇంటర్న్‌షిప్ పాఠ్యక్రమంలో భాగమని చూపించాలంటే మీ డిపార్ట్‌మెంట్ ఇంటర్న్‌షిప్ కోర్సులో పేరు నమోదు చేసుకోవాలి. వేసవిలో ఆ క్రెడిట్లకు ట్యూషన్ ఫీజు కట్టాలి, అదీ అంతర్జాతీయ విద్యార్థుల రేటులో. మూడు క్రెడిట్ల కోర్సయితే భారం బాగానే ఉంటుంది. ఒక్క క్రెడిట్‌తో నమోదు చేసుకునే వీలుందేమో డిపార్ట్‌మెంట్ సలహాదారును అడగండి. మామూలు సెమిస్టర్‌లో అయితే ఎలాగూ కనీసం 12 క్రెడిట్లు చదవాలి కాబట్టి వాటిలోనే ఇది ఇమిడిపోతుంది, అదనంగా ఏమీ పడదు. నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది.

జీతం లేని వాషింగ్టన్ వేసవికి అద్దె, రానుపోను ఛార్జీలు, తిండి, ట్యూషన్ అన్నీ చేతి నుంచి పెట్టుకోవాలి. ఆ నగరంలో జార్జ్‌టౌన్, జార్జ్ వాషింగ్టన్, అమెరికన్ యూనివర్సిటీలు వేసవిలో హాస్టల్ గదులను బయటి ఇంటర్న్‌లకు అద్దెకిస్తాయి. విడి అపార్ట్‌మెంట్ వెతుక్కోవడం కంటే అవి నయం, అయినా చవక మాత్రం కాదు. నాన్నగారు అడిగింది అన్యాయమేమీ కాదు. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, మీరు మొదటిసారికి వాషింగ్టన్‌ను పక్కనపెట్టండి. మీ యూనివర్సిటీ ఉన్న నియోజకవర్గంలోనే సభ్యుడికి లోకల్ ఆఫీసు ఉంటుంది. ఫాల్ సెమిస్టర్‌లో వారానికి 12 నుంచి 15 గంటలు, పార్ట్‌టైమ్ సీపీటీతో అక్కడ చేయండి. అద్దె మారదు, ట్యూషన్ పెరగదు, పోటీ తక్కువ. పని కూడా తక్కువరకం కాదు, ఆ సంగతి కింద చెబుతాం. ఆ అనుభవం, ఆ ఆఫీసు నుంచి ఒక సిఫార్సు చేతిలో ఉంటే మూడో ఏడాది వేసవికి వాషింగ్టన్ తలుపు తట్టడం తేలిక.

మీ మెయిళ్లకు జవాబు ఎందుకు రాలేదో చూద్దాం. 2025 జనవరిలో కొలువుదీరిన ప్రతినిధుల సభలో భారత సంతతి సభ్యులు ఆరుగురు: కాలిఫోర్నియా నుంచి అమీ బెరా, రో ఖన్నా, ఇల్లినాయ్ నుంచి రాజా కృష్ణమూర్తి, వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ప్రమీలా జయపాల్, మిషిగన్ నుంచి శ్రీ థానేదార్, వర్జీనియా నుంచి సుహాస్ సుబ్రహ్మణ్యం. అమెరికాలో రాజకీయం మీద ఆసక్తి ఉన్న మన పిల్లలంతా ముందు రాసేది ఈ ఆరు ఆఫీసులకే. ఆ ఆరుగురిలో ఒక్కరూ టెక్సస్ వాళ్లు కారు. ఇంటర్న్‌లను ఎంచుకునేటప్పుడు ఆఫీసు మొదట చూసేది, ఈ పిల్ల మా నియోజకవర్గం మనిషేనా అని. సభ్యుడు రెండేళ్లకోసారి ఓట్లడగాలి. తన ఊరి కాలేజీ విద్యార్థికి అవకాశమిస్తే ఆ ఊళ్లో మంచిపేరు. నల్గొండ ఎమ్మెల్యే ఆఫీసు అయినా అంతే కదా. మీకు ఓటు లేకపోవచ్చు గానీ, మీ నివాసం, మీ యూనివర్సిటీ ఆ నియోజకవర్గంలోవే. ఆ సంబంధం ఎంతో పనికొస్తుంది.

కాబట్టి జాబితా ఇలా వేసుకోండి. మొదటి పేరు మీ చిరునామాకు ప్రాతినిధ్యం వహించే ప్రతినిధుల సభ సభ్యుడు. సభ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొడితే వస్తుంది, కానీ ఒకే జిప్ కోడ్ రెండు నియోజకవర్గాల్లో పడొచ్చు, అందుకని పూర్తి చిరునామా ఇచ్చి చూసుకోండి. పైగా టెక్సస్ శాసనసభ 2025లో హద్దులు మళ్లీ గీసింది, కాబట్టి పాత మ్యాపు నమ్ముకోకండి. తరవాత టెక్సస్ సెనేటర్లు ఇద్దరు. వాళ్లకు రాష్ట్రమంతా నియోజకవర్గమే, పలు నగరాల్లో ఆఫీసులుంటాయి. ఆ పైన మీ పక్క నియోజకవర్గాల సభ్యులు నలుగురైదుగురు. పార్టీ ఏదన్నది మీ మనస్సాక్షికి సంబంధించినది. కానీ మీకు ఏమాత్రం పొసగని అభిప్రాయాలున్న సభ్యుడి ఆఫీసులో రోజూ ఫోన్లెత్తి ఆ అభిప్రాయాన్నే మర్యాదగా వినిపించడం కష్టం. వాళ్లు కూడా పసిగడతారు. పది ఆఫీసులకు విడివిడిగా రాసిన అప్లికేషన్లు వెళితే చాలు. యాభైకి ఒకే ఉత్తరం పంపడం మీరు ఇప్పటికే చేసిన పనికి పెద్దన్న లాంటిది.

అప్లికేషన్ ఎక్కడ పెట్టాలంటే ప్రతి సభ్యుడి వెబ్‌సైట్‌లో సేవల విభాగం కింద ఇంటర్న్‌షిప్ పేజీ ఉంటుంది. ఫారం, గడువు, కావాల్సిన కాగితాలు అక్కడే ఉంటాయి. ఇవి కాక ప్రతినిధుల సభ, సెనేట్ విడివిడిగా ఖాళీల బులెటిన్లు ఇస్తాయి, వాటిలోనూ ఇంటర్న్‌షిప్‌లు వస్తాయి. గడువులు ఆఫీసును బట్టి మారతాయి. స్థూలంగా వేసవికి డిసెంబరు నుంచి మార్చి లోపు, ఫాల్‌కు జూన్, జులై, స్ప్రింగ్‌కు అక్టోబరు, నవంబరు. చాలా ఆఫీసులు వచ్చినవి వచ్చినట్టు చూస్తూ పోతాయి, గడువు రోజుకు సీట్లు నిండిపోయి ఉండొచ్చు. వేసవికి పోటీ ఎక్కువ, పైగా ఆగస్టులో సభ ఉండదు, సభ్యులు ఊళ్లకు వెళ్లిపోతారు. సభ జోరుగా నడవడం చూడాలంటే ఫాల్, స్ప్రింగ్‌లే మేలు. ఇంకో కిటుకు: సరి సంవత్సరాల నవంబరులో ఎన్నికలయ్యాక కొత్తగా గెలిచినవాళ్లు జనవరి 3న ప్రమాణం చేస్తారు. వాళ్ల ఆఫీసులు అప్పుడే ఏర్పడతాయి, ఇంటర్న్‌లను ఆలస్యంగా వెతుక్కుంటాయి. అదే సమయంలో ఓడిపోయిన, రిటైరవుతున్న సభ్యుడి ఆఫీసు మూతపడుతుంది. ఎన్నికల ఏడాది ఫాల్‌లో చేరేముందు ఆ సభ్యుడు మళ్లీ పోటీ చేస్తున్నాడా లేదా చూసుకోండి, లేకపోతే రేపు సిఫార్సు ఉత్తరం రాయడానికి ఎవరూ దొరకరు.

రెజ్యూమె ఒక్క పేజీ. ఫొటో, తండ్రి పేరు, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా, టెన్త్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు, చివర్లో పైవన్నీ నిజమని ప్రమాణం చేస్తూ రాసే డిక్లరేషన్, ఇవన్నీ తీసేయండి. ఎక్కడైనా కౌంటర్‌లో పనిచేశారా, కాల్స్ తీసుకున్నారా, క్యాంపస్ లైబ్రరీ డెస్క్‌లో కూర్చున్నారా, అవి పైకి రావాలి. జనంతో ఓపిగ్గా మాట్లాడగలరన్నది వాళ్లకు మీ జీపీఏ కంటే ముఖ్యం. భాషల దగ్గర తెలుగు తప్పకుండా రాయండి. డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. అక్కడి ఆఫీసులో తెలుగు వచ్చిన మనిషి నిజంగానే పనికొస్తారు.

కవర్ లెటర్ మూడు పేరాలు. మొదటిదాంట్లో మీరు ఆ నియోజకవర్గంలో ఎక్కడ ఉంటారు, ఏం చదువుతున్నారు, ఏ తేదీల్లో వారానికి ఎన్ని గంటలు రాగలరు. రెండోదాంట్లో ఆ సభ్యుడు వేసుకున్న పనుల్లో ఒకదాన్ని పట్టుకోండి. ఏ కమిటీలో ఉన్నాడు, ఏ బిల్లు పెట్టాడు అన్నది కాంగ్రెస్ అధికారిక వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, బిల్లు పాఠం కూడా. మూడోదాంట్లో వీసా సంగతి దాచకుండా ఒక్క వాక్యంలో చెప్పండి: ఎఫ్-1 విద్యార్థిని, జీతం లేకుండా క్రెడిట్ కోసం చేస్తాను, పని అనుమతి నా యూనివర్సిటీయే ఇస్తుంది, మీ ఆఫీసు నుంచి ఒక్క ఉత్తరం చాలు. ఇంటర్వ్యూ అయ్యాక బయటపెడితే మోసపోయినట్టు అనుకుంటారు. ముందే చెబితే, వీసా అనగానే స్పాన్సర్‌షిప్ అనుకుని భయపడే మనిషికి ఆ భయం పోతుంది.

రైటింగ్ శాంపిల్ దగ్గర ఎక్కువమంది పొరపాటు పడతారు. క్లాసులో రాసిన 12 పేజీల టర్మ్ పేపరు పంపిస్తారు, దాన్ని ఎవరూ చదవరు. అడిగేది ఒకటి, రెండు పేజీలే. ఉన్నదాన్ని కత్తిరించకండి, కొత్తగా రాయండి. మీ నియోజకవర్గానికి సంబంధించిన ఒక బిల్లు తీసుకుని, సమస్య ఏమిటి, ఇప్పటివరకు జరిగిందేమిటి, అనుకూలంగా ఏమంటున్నారు, వ్యతిరేకంగా ఏమంటున్నారు, సభ్యుడు ఎటు ఓటేయాలి అన్న ఐదు ముక్కల్లో మెమో రాయండి. ఆఫీసుల్లో నడిచేది ఈ రూపమే. వ్యతిరేకుల వాదన బలహీనంగా రాస్తే చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. అందుకు కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ నివేదికలు వాడుకోండి. 2018 నుంచి అవి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా వెబ్‌లో పెట్టారు, పార్టీ రంగు లేకుండా రాస్తారు.

ఇంటర్వ్యూ చాలావరకు ఫోన్‌లోనో వీడియోలోనో పావుగంట, ఇరవై నిమిషాలు. మా ఆఫీసే ఎందుకు అని అడుగుతారు. మీకు నచ్చిన విధాన అంశం అడుగుతారు. కోపంగా అరిచే మనిషి ఫోన్ చేస్తే ఏం చేస్తారు అన్న ప్రశ్న దాదాపు ఖాయం. వాదించకుండా వింటాను, పేరు, చిరునామా, విషయం రాసుకుంటాను, సభ్యుడి తరఫున నా సొంత మాట ఏదీ చెప్పను, బెదిరింపు ధ్వనిస్తే వెంటనే పైవాళ్లకు చెబుతాను. జవాబు ఇంతే. ఇంటర్వ్యూ అయిన మర్నాటికి కృతజ్ఞతగా రెండు వాక్యాల మెయిల్. అప్లికేషన్ పెట్టి రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేకపోతే ఒక్కసారి ఫోన్. మీ సోషల్ మీడియా చూస్తారు, అక్కడ పార్టీల మీద బూతులుంటే ఇప్పుడే చూసుకోండి.

పని ఎలా ఉంటుందంటే, వాషింగ్టన్ ఆఫీసులో ఫోన్లు, ఉత్తరాలు విడదీయడం, లెజిస్లేటివ్ కరస్పాండెంట్ కింద జవాబుల ముసాయిదాలు, క్యాపిటల్ భవనం చూడటానికి వచ్చిన ఓటర్లను తిప్పడం, కమిటీ విచారణకు వెళ్లి నోట్స్ రాసుకురావడం. నియోజకవర్గ ఆఫీసులో ఎక్కువగా కేస్‌వర్క్. అంటే ఆగిపోయిన పాస్‌పోర్టు, కదలని ఇమిగ్రేషన్ ఫైలు, మాజీ సైనికుడి ప్రయోజనాలు, సోషల్ సెక్యూరిటీ చెక్కు వంటి సమస్యలతో జనం వస్తారు. ఆఫీసు ఆయా శాఖలను అడుగుతుంది. అడగాలంటే 1974 నాటి ప్రైవసీ చట్టం ప్రకారం ఆ వ్యక్తి సంతకం చేసిన అనుమతి పత్రం ఉండాలి, అది లేకుండా శాఖ ఒక్క ముక్క చెప్పదు. ఇంటర్న్‌గా మీ మొదటి పని చాలాసార్లు ఆ పత్రం సరిగా నింపించడమే. ఒక చట్టం జనం బతుకులో ఎక్కడ అడ్డుపడుతోందో తెలియాలంటే ఈ ఫైళ్ల తరవాతే విచారణ గది. అలాగని తెలుగువాళ్ల కేసులు చూస్తూ, ఫలానావాళ్ల గ్రీన్‌కార్డు సంగతి అంటూ వీకెండ్ విందులో నోరు జారితే ఆ రోజుతో సరి. మీ సొంత వీసా పని, బంధువుల వీసా పని ఆఫీసులో పెట్టకండి.

మరొక హెచ్చరిక. సభ్యుడి అధికారిక ఆఫీసు వేరు, ఎన్నికల ప్రచార సంఘం వేరు. ఆఫీసు సమయంలో, ఆఫీసు ఫోన్ మీద ప్రచార పని చేయకూడదు. ఇది అందరికీ వర్తిస్తుంది. మీకు అదనంగా ఇంకోటుంది: గ్రీన్‌కార్డు లేని విదేశీయులు అమెరికాలో ఏ స్థాయి ఎన్నికకూ విరాళం ఇవ్వకూడదు. సభ్యుడి మీద అభిమానంతో ఐదు డాలర్లు ఆన్‌లైన్‌లో పంపినా చట్ట ఉల్లంఘనే. విందు టికెట్ కొన్నా అది విరాళమే కావొచ్చు.

టెక్సస్‌లో ఉండి మీరు తలచుకోనిది ఆస్టిన్. రాష్ట్ర శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై గరిష్ఠంగా 140 రోజులు నడుస్తుంది. దిగువ సభలో 150 మంది, సెనేట్‌లో 31 మంది. వేలకొద్దీ బిల్లులు ఆ ఐదు నెలల్లోనే రావాలి, పోవాలి. కాబట్టి ఇంటర్న్‌లకు అసలైన పని దొరుకుతుంది, వాషింగ్టన్‌లో ఎన్నాళ్లకూ చేతికి రాని బిల్లు విశ్లేషణ ఇక్కడ రెండో నెలలోనే రావచ్చు. మీ యూనివర్సిటీకి ఆస్టిన్ శాసనసభ ప్రోగ్రాం ఉందేమో డిపార్ట్‌మెంట్‌లో అడగండి, ఉంటే క్రెడిట్, సీపీటీ రెండూ సులువవుతాయి. ఫెడరల్ జీతం షరతు రాష్ట్ర సభకు వర్తించదు. సీపీటీ ఉండి, ఆ ఆఫీసు నిబంధనలు ఒప్పుకుంటే జీతం కూడా తీసుకోవచ్చు. బేసి సంవత్సరం స్ప్రింగ్ కోసం అంతకుముందు సెప్టెంబరు నుంచే అప్లికేషన్లు పెట్టాలి. సరి సంవత్సరాల్లో సభ ఉండదు, అప్పుడు కమిటీల అధ్యయనాలే నడుస్తాయి.

ఎక్కడ చేరినా ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త చిరునామా యూనివర్సిటీకి చెప్పాలి, లేకపోతే సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్‌లో, మీ రికార్డు తప్పుగా ఉంటుంది. రేపు డిగ్రీ అయ్యాక ఓపీటీ మీద ఉన్నప్పుడు కూడా కాంగ్రెస్ ఆఫీసులో జీతం లేకుండా చేయొచ్చు. వారానికి కనీసం 20 గంటలుంటే అది నిరుద్యోగ దినాల్లోకి రాదు. మామూలు ఓపీటీలో నిరుద్యోగానికి 90 రోజులే గడువు కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోదగ్గదే. సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలవాళ్లకు ఓపీటీ మీద ఇచ్చే స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదు.

ఇక మీ పిన్ని కొడుకు. విజిటర్ వీసా మీద వచ్చి ఇంటర్న్‌షిప్ చేయడం కుదరదు. భారత్‌లో చదువుతున్న విద్యార్థి అమెరికాలో ఇంటర్న్‌గా చేయడానికి ఉన్న దారి జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసాలోని ఇంటర్న్ వర్గం. దానికి గుర్తింపు పొందిన స్పాన్సర్ సంస్థ, శిక్షణ ప్రణాళిక పత్రం డీఎస్-7002, అర్హత పత్రం డీఎస్-2019 కావాలి. ఒక సభ్యుడి ఆఫీసు ఈ తతంగంలోకి దిగడం అరుదు. యూఎస్ కాంగ్రెస్‌లో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్కటి గుర్తుపెట్టుకోమనండి: ఏ సభ్యుడి ఆఫీసూ అప్లికేషన్‌కు ఫీజు తీసుకోదు. క్రెడిట్‌తో వాషింగ్టన్ సెమిస్టర్ నడిపే సంస్థలు ప్రోగ్రాం ఫీజు తీసుకుంటాయి, అది వేరే లెక్క, అవి కూడా సీటుకు హామీ ఇవ్వవు.

అతనికి చట్టసభ పని మీద నిజంగా ఆసక్తి ఉంటే దగ్గరలోనే మంచి దారి ఉంది. చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ 2010 నుంచి నడుపుతున్న ల్యాంప్ ఫెలోషిప్‌లో ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా పనిచేస్తారు, స్టైపెండ్ ఇస్తారు. భారతీయ పౌరుడై, ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉండి, 25 ఏళ్లు దాటకుండా ఉండాలి. లా పూర్తయ్యేనాటికి అతని వయసు ఎంతవుతుందో ఇప్పుడే లెక్క చూసుకోమనండి. పార్లమెంటులో ప్రశ్నలు ఎలా తయారవుతాయో, బిల్లు మీద ఎంపీకి బ్రీఫ్ ఎలా రాస్తారో అక్కడ నేర్చుకున్నది చేతిలో ఉంటే, ఆ తరవాత విదేశీ యూనివర్సిటీ అప్లికేషన్‌లో చెప్పుకోవడానికి పనికొస్తుంది.

మీ వంతుకు వస్తే, ఈ వారం డీఎస్‌ఓ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని మూడే అడగండి: మా డిపార్ట్‌మెంట్‌లో ఏ కోర్సు మీద సీపీటీ ఇస్తారు, జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు మీ నియమం ఏమిటి, ఆఫర్ లెటర్ వచ్చాక అనుమతికి ఎన్ని రోజులు పడుతుంది. జవాబులు ఈమెయిల్‌లో రాయించుకోండి. మూడో జవాబును బట్టి మీ అప్లికేషన్ తేదీలు వెనక్కి లెక్కగట్టుకోవాలి.